వేవిళ్ళ వాటా

ఆ ఎండాకాలం మా ఇంట్లో వాంతులకు రెండు పాత్రలు ఉండేవి. ఒకటి ఇత్తడి పళ్ళెం. అది మా ఆడబిడ్డ కోకిలది. మా అత్త రాజాంబాళ్ అందులో అడుగున బూడిద పోసి, పైన నిమ్మాకు నలిపి వేసి, కోకిల మంచం పక్కనే పెట్టేది. రెండోది మూత పోయిన రంగు డబ్బా. పెరట్లో తొట్టి వెనక ఉండేది. అది నాది. నేనే తెచ్చుకోవాలి, నేనే కడుక్కోవాలి. పరుగెత్తినా అందుకోలేకపోతే నేల కూడా నేనే కడగాలి.

ఇద్దరమూ కడుపుతో ఉన్నాం, ఇద్దరికీ మూడో నెల. కోకిల అరక్కోణంలో అత్తగారింటి నుంచి పుట్టింటికి వచ్చింది. నాకు పోవడానికి పుట్టిల్లంటూ లేదు. అమ్మ పోయి చాన్నాళ్ళయింది. మేస్త్రీ పని చేసే మా నాన్న లత్తేరిలో ఇంటికి తాళం వేసి, బెంగుళూరులో ఎవరికో అపార్ట్‌మెంట్లు కడుతూ అక్కడే రేకుల షెడ్డులో ఉండేవాడు. నేనూ దినకరనూ ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాం. గుడియాత్తంలో మగ్గాల వీధికి సిమెంటు కలిపే ఇంటి పిల్ల కోడలిగా వస్తే ఎంత సంబరపడతారో నేను చెప్పనక్కర్లేదు.

వేవిళ్ళు అందరికీ వచ్చేవే కదా అంటారు చూడండి, వాళ్ళను పట్టుకొచ్చి ఆ ఎండల్లో మా ఇంట్లో ఒక పూట ఉంచాలి. మాది లుంగీలు నేసే ఇల్లు. పడుగు పోగులకు పట్టించే గంజిని ముందురోజే కాచి కుండలో పెడతారు. తెల్లారేసరికి అది పులుస్తుంది. ఆ పులుపు, అందులో కలిపే నూనె, రంగు నూలు, మూడూ కలిసి ఇల్లంతా కమ్ముకునేవి. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నాకా వాసన తెలిసేదే కాదు. నెల తప్పాక ఆ కుండ మూత కదిలితే చాలు, కడుపులో ఉన్నదే కాదు, లేనిది కూడా పైకి వచ్చేది. ఇప్పుడు వేలూరు పక్కన సత్తువాచారిలో అద్దె ఇంట్లో వేరే ఉంటున్నాం. మగ్గం లేదు, గంజి లేదు. అయినా పక్కింట్లో ఎవరైనా అన్నం వార్చితే నేను కిటికీ మూసేస్తాను.

కోకిల వచ్చిన రోజు నుంచీ అత్త ఇల్లంతా దాని చుట్టూ తిప్పింది. పొద్దున తల దిండు మీద ఉండగానే దాని నోట్లో గుప్పెడు ఉప్పు బొరుగులు వేసేది. తర్వాత శొంఠి నలగ్గొట్టి కాచిన నీళ్ళు. కాసేపాగి గుక్కెడు దానిమ్మ రసం. కడుపు నిండా పెట్టేది కాదు, ఖాళీగానూ ఉండనిచ్చేది కాదు. తాళింపు ఘాటు తగలకూడదని పొయ్యి పెరట్లోకి మార్చింది, అంటే నా డబ్బా పక్కకు. కోకిల చేతిలో ఎప్పుడూ ఒక నిమ్మకాయ ఉండేది, వాసన చూసుకోవడానికి. ఇవన్నీ పనిచేస్తాయి కూడా. వేవిళ్ళను తగ్గించడం మా అత్తకు తెలిసినంతగా ఆ వీధిలో ఎవరికీ తెలియదు. నాకు మండేది అందుకే. తెలియక చేయనివాళ్ళ మీద అంత కోపం రాదు.

ఒకరోజు సిగ్గు విడిచి అడిగాను.

"అత్తా, నాకూ ఒగ నిమ్మకాయ ఇయ్యి."

ఆమె రాట్నం ఆపలేదు. "ఇయ్యకూడదు మోహనా."

"ఏం?"

"ఒగే ఇంట్లో ఇద్దరు చూలింతలుంటే ఈ వాంతుల మసక్కై పంచుకోని వస్తాది. పడుగు మాదిరే అనుకో. ఈ పక్క సడలిస్తే ఆ పక్క బిగుసుకుంటాది. నీకు నేను తగ్గించినానంటే అది కోకిల మీదికి పోతాది. నాలుగేండ్లకి నిల్చింది దానికి. నాలుగో నెల పడనీ. ఆమేన నీకూ చేస్తా."

"అయితే దానికి తగ్గేకొద్దీ నాకు ఎక్కువ కావల్లనా?"

"నువ్వు మేస్త్రీ బిడ్డవి. గట్టి కట్టడం. తట్టుకుంటావు లే."

అని నవ్వింది. వెటకారం కాదు. నిజంగా నన్ను మెచ్చుకుంటున్నట్టే నవ్వింది.

ఇద్దరు చూలింతలు ఒకే పొయ్యి దగ్గర ఉండకూడదని వీధిలో అందరూ అనుకునేదే. కానీ ఒకరి వాంతి ఇంకొకరికి పోతుందని, దాన్ని అటూ ఇటూ లాగి సర్దవచ్చని తేల్చింది మాత్రం మా అత్తే. పుట్టినప్పటి నుంచీ నూలు మధ్య బతికిన మనిషి. ఆమెకు లోకంలో ఏది చూసినా పడుగులాగే కనిపించేది.

దినకరన్‌తో చెప్పాను. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని విన్నాడు.

"అమ్మ ఏదో పాతకాలం మాట అంటాది మోహనా. దానికి పోయి గొడవ ఎందుకు? నేను నిన్ను డాక్టరమ్మ దగ్గిరికి పిల్చుకోని పోతా."

అన్నమాట నిలబెట్టుకున్నాడు, కాదనను. మరుసటి రోజు బండి మీద తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ నా బరువు చూసి, నాలుక చూసి, మొగుడికి నాలుగు చీవాట్లు పెట్టింది. వాంతులు ఆగడానికి మాత్రలు రాసింది. అవి కడుపులో బిడ్డకు ఏమీ చేయవని, భయం లేకుండా వేసుకోమని చెప్పింది. మాత్రల అట్టను జాకెట్లో దాచుకుని వచ్చి ఉంటే ఈ కథ ఉండేదే కాదు. తెలివితక్కువగా చేతిలో పట్టుకుని ఇంట్లోకి వచ్చాను.

అత్త గడపలోనే అందుకుంది. "బయట్నుంచి వచ్చిన మందు. దేవుని కాడ పెట్టి ఇస్తా."

సాయంత్రం అడిగితే శుక్రవారం కొత్త మందు మొదలుపెట్టకూడదంది. తర్వాత అడిగితే అమావాస్య పోనిమ్మంది. దినకరన్‌ను అడగమంటే, "అమ్మ ఇస్తానంటా ఉండాది కదా," అన్నాడు.

ఈలోగా కోకిల కోలుకుంది. పప్పుచారు పోసుకుని అన్నం తిని, ఇంకొంచెం పెట్టమంది. బుగ్గలు మెరిశాయి. అత్త దాన్ని సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి, జడ వేసి, వచ్చేపోయేవాళ్ళందరికీ చూపించింది. నేను పెరట్లో తొట్టి పట్టుకుని వంగి, పచ్చటి చేదు నీళ్ళు కక్కుతున్నాను. నీళ్ళు తాగితే నీళ్ళే వచ్చేవి. ఒంటికి పోవడం కూడా దాదాపు ఆగిపోయింది. రాట్నం ముందు కూర్చుంటే చక్రంతో పాటు గోడలు తిరిగేవి. అయినా కండెలు చుట్టడం తప్పలేదు. నాకప్పుడు ఒక్కటే భయం. నేను పోయినా పోతాను, లోపల ఉన్నది ఏమవుతుంది? నా ఒంట్లో చుక్క నీళ్ళు నిలవడం లేదు, దానికి ఏం అందుతుంది?

ఒక మధ్యాహ్నం కోకిల గదిలోకి దుప్పటి తీసుకోవడానికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని ఉంది. చేతిలో మాత్రల అట్ట. సగానికి పైగా ఖాళీ.

"అది నాది కోకిలా," అన్నాను.

దాని ముఖం పాలిపోయింది. "అమ్మ ఇచ్చింది వదినా. నీకు వేరే ఉండాదని చెప్పినాది."

"లేదు. డాక్టరమ్మ నాకిచ్చింది అదొగటే."

కోకిల అట్టను అటూ ఇటూ తిప్పింది. అది చెడ్డ పిల్ల కాదు. పెళ్ళి కాకముందు దినకరన్ చీటీలు నాకు తెచ్చిచ్చింది అదే. మా పెళ్ళికి అత్త రానంటే, కాళ్ళు పట్టుకుని ఒప్పించిందీ అదే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి దానికి.

"అన్నతో చెప్పి ఇంకోటి తెప్పించుకో వదినా. ఆ వాంతులు మళ్ళీ వస్తే నేను తట్టుకోలేను. అరక్కోణంలో మా అత్త ఏమంటాదో నీకు తెలీదు. ఇదీ పోతే నన్ను మళ్ళీ ఇంట్లోకి రానియ్యరు."

అంటూనే ఒక మాత్ర పైకి నొక్కి తీసింది. దొంగచాటుగా మింగి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. నా ముఖంలోకి చూస్తూనే నోట్లో వేసుకుని, మజ్జిగ తాగింది. తాగి, గ్లాసు నా చేతికి ఇచ్చింది. నేను తీసుకెళ్ళి కడిగాను.

ఆ రాత్రి దినకరన్‌తో విషయం చెప్పాను. అంతా విని, చాలాసేపు తల గోక్కున్నాడు.

"గంగమ్మ శిరసు పండగలోపల సరుకు దించల్ల. ఈ పడుగు అయిపోనీ. ఎల్లుండి పోయి ఇంకో అట్ట తెద్దాం. ఇప్పుడు అమ్మను అడిగితే ఇల్లు నిలవదు."

ఇల్లు నిలవాలట. నేను నిలబడలేకపోతున్న సంగతి ఎవరికీ పట్టలేదు.

మరునాడు తెల్లవారుజామునే వీధిలో పడుగు సాచారు. ఎండ ముదరకముందే గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. లేకపోతే పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఒక కొసన మా మామ వరదప్ప, ఇంకో కొసన దినకరన్. ఎదురింటి కాళియమ్మ కొడుకులిద్దరూ సాయం వచ్చారు. అయినా చేతులు చాలలేదు.

"మోహనా, నువ్వూ ఒగ కుంచె పట్టు," అంది అత్త.

"నావల్ల కాదత్తా. ఆ వాసనకే కదా నాకు..."

"దగ్గిరగా పీలిస్తే అలవాటయిపోతాది. దూరంగా ఉండేదానికే నీకు ఇంత అవస్థ."

దినకరన్ వైపు చూశాను. పోగులు సర్దుకుంటూ తల ఎత్తలేదు. మామ మాత్రం నా వైపు చూసి, "తొందరగా రామ్మా, పొద్దెక్కతా ఉండాది," అన్నాడు.

పమిట ముక్కుకు చుట్టుకుని కుంచె పట్టాను. గంజిలో ముంచి, పోగుల మీద వంగి లాగాను. రెండు బారలు లాగానో లేదో, నీలం చారలన్నీ నా మీదికి లేచి వచ్చాయి. పక్కకు తిరగాలనుకున్నాను. కాళ్ళు మాట వినలేదు. తడి పడుగు మీదే బోర్లా పడి, అక్కడే కక్కాను.

"పడుగు! అరే, పడుగు ఎత్తండ్రా!" అని మామ అరిచిన అరుపు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. పాపం, ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. నలుగురూ పరుగెత్తుకొచ్చారు. నన్ను పోగుల మీద నుంచి పక్కకు దొర్లించారు. అత్త బిందెతో నీళ్ళు తెచ్చి పడుగు మీద పోసి కడగడం మొదలుపెట్టింది. నేను మట్టిలో చెంప ఆనించి పడుకుని ఆమె పాదాలను చూస్తున్నాను. అంత జాగ్రత్తగా ఒక్కో పోగునూ విడదీసి కడుగుతోంది.

నా నోరు తుడిచింది కాళియమ్మ. తుడిచిన గుడ్డ చూసి గుండెలు బాదుకుంది.

"ఇది నెత్తురు గదే! రాజాంబాళ్, నువ్వు మనిషివేనా? పిల్ల చచ్చిపోతా ఉంటే నూలు కడగతా ఉండావు!"

"చావదు లే. దానిది గట్టి ప్రాణం," అంది అత్త, వంచిన తల ఎత్తకుండానే.

ఆంబులెన్సుకు ఫోన్ చేసింది కాళియమ్మే. బండి వచ్చి ఆగాక దినకరన్ కదిలాడు. కదిలి, ముందు తొట్టి దగ్గరికి పోయి, చేతులకు అంటిన గంజిని మోచేతుల దాకా కడుక్కుని, అప్పుడు వచ్చి ఎక్కాడు. దారంతా నా చేయి పట్టుకుని ఏడుస్తూనే ఉన్నాడు. ఆ చేతులు కడుక్కోవడాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు, అతనికీ తెలుసు.

వేలూరులో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఒంట్లో నీళ్ళు, లవణాలు అన్నీ ఎండిపోయాయన్నారు. ఎడమ చేతిలో ఎంత వెతికినా నరం దొరకలేదు. చివరికి కుడి చేతికి సూది గుచ్చి గ్లూకోజు పెట్టారు. వాంతులు ఆగడానికి ఇంజక్షన్ కూడా అందులోనే వేశారు. తర్వాత ఒక చిన్న డాక్టరమ్మ వచ్చి నా పొట్ట మీద చల్లటి జిగురు రాసి, ఒక పరికరం ఆనించింది. గరగరమని శబ్దం. కొంచెం పక్కకు జరిపింది. అప్పుడు వినిపించింది, టకటకటకమని, ఎవరో తొందరలో ఉన్నట్టు.

"కుళందై నల్లా ఇరుక్కు," అంది డాక్టరమ్మ. బిడ్డ బాగుంది. "నీదాన్ నల్లా ఇల్లై." నువ్వే బాగాలేవు.

నేను గట్టిగా ఏడ్చాను. పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు. ఏడ్వనివ్వండని వాళ్ళకు చెప్పి ఆమె వెళ్ళిపోయింది.

మరుసటి రోజుకు లోపల ఏదో మెలిక విడిపోయింది. కాళ్ళకింద నేల తిరగడం ఆగింది. ఆసుపత్రి ఫినాయిలు వాసన వాసనగానే ఉంది, కడుపులోకి దిగడం లేదు. నోట్లో నీళ్ళూరాయి. వాంతి ముందు ఊరే నీళ్ళు కావని, ఇది ఆకలని గుర్తుపట్టడానికి నాకు కాసేపు పట్టింది. వేసుకోవడానికి మాత్రల అట్ట ఇచ్చారు. ఈసారి దాన్ని దిండు కింద పెట్టుకుని, మీద తల పెట్టుకున్నాను.

ఆడవాళ్ళ వార్డులోకి మగవాళ్ళను రానివ్వరు. దినకరన్ కింద చెట్టు నీడన కూర్చునేవాడు. మొదటిరోజు నా దగ్గర ఉన్నది కాళియమ్మ. ఆమెకూ ఇల్లుంది, వెళ్ళిపోయింది. అత్తను పంపమని దినకరన్ ఎన్నిసార్లు ఫోన్ చేసినా, కోకిలను విడిచి రానందట. అలాంటిది, ఆ తర్వాత ఒక పొద్దున తనే వచ్చింది. తల దువ్వుకోలేదు, కళ్ళు లోపలికి పోయాయి. నా ముఖం చూడకముందే స్టాండుకు వేలాడే సీసాను చూసింది.

"ఆ నీళ్ళు ఎప్పటికి అయిపోతాయి?"

"ఇది అయినాక ఇంకోటి ఉండాదంట అత్తా."

"చాలని చెప్పు. సూది తీసేయమని చెప్పు."

"ఏం?"

ఆమె మంచం చివర కూర్చుని నా పాదాలు పట్టుకుంది. నిజంగానే పట్టుకుంది, రెండు చేతులతో.

"కోకిలకు ఒగటే వాంతులు మోహనా. నువ్వు ఈడికొచ్చినప్పట్నుంచే. నీకు తగ్గింది, దానికి మళ్ళుకుంది. నేను చెప్పినాను కదా."

"మాత్రలు అయిపోయింటాయి. నాకిచ్చిన మాత్రలు," అన్నాను. "అంతే అత్తా, వేరే ఏమీ లేదు. గుడియాత్తంలో ఆస్పత్రికి పిల్చుకోని పో. దానికీ ఇస్తారు."

"మాత్రలంట మాత్రలు! నేను కండ్లారా చూస్తా ఉండాను. నువ్వు పడినన్ని దినాలూ అది సుఖంగా ఉండె. నువ్వు లేచి కూచున్నావు, అది పడిపోయింది."

చెబితే వినే మనిషి కాదు. అయినా కోకిల ముఖం గుర్తొచ్చింది. చీటీలు తెచ్చిన కోకిల. నా ఎడమ చేయి దిండు కిందికి పోయింది. అట్ట అంచు వేళ్ళకు తగిలింది. సగం తుంచి ఇద్దామనుకున్నాను.

అత్త గొంతు తగ్గించింది. నా పాదాలు నిమురుతూ, నాకేదో మంచి చెబుతున్నట్టుగా అంది:

"నీకేం మోహనా, వయసుండాది. ఇది పోతే పోనీ. నీకు ఇంకోటి నిలస్తాది. నా బిడ్డకు మళ్ళీ నిలవదు."

నా చేయి ఖాళీగానే బయటికి వచ్చింది.

అప్పుడే నర్సు వచ్చి సీసా చూసి, "పసి వందుదా?" అని అడిగింది. ఆకలేసిందా అని.

"ఆమా సిస్టర్. రొంబ పసి," అన్నాను. అవును, చాలా ఆకలి.

నర్సు సంతోషపడింది. అత్త వైపు తిరిగి, మీరు మామియారా, అంటే అత్తగారా అని అడిగి, కింద క్యాంటీనుకు పోయి వేడి ఇడ్లీ తెమ్మంది. సూది ఉన్న చేయి కదపకూడదు, మీరే తినిపించండి అని కూడా చెప్పింది. అత్త నా వైపు చూసింది. నేనేదైనా అంటానని, వద్దంటానని ఎదురుచూసింది. నేను పైకప్పు చూస్తూ పడుకున్నాను. వార్డంతా మా వైపే చూస్తోంది. కొంగు సర్దుకుని, లేచి వెళ్ళింది.

పొట్లం తెచ్చి విప్పింది. ఆవిరి లేచింది. ఇడ్లీ తుంచి, నా నోటి దగ్గరికి తెచ్చింది. తిన్నాను. మెత్తగా, వేడిగా, ఉప్పుగా ఉంది. కడుపులోకి పోయి అక్కడే నిలిచింది. ఇంకో తునక పెట్టింది. నేను నమిలినంతసేపూ ఆమె నా గొంతునే చూస్తోంది, ప్రతి మెతుకూ ఎక్కడికి పోతోందో తెలిసినట్టు. నాకు జాలి కలగలేదు. సంతోషం కలిగింది. చాన్నాళ్ళ తర్వాత కలిగిన సంతోషం, దాన్నీ ఇడ్లీతో పాటు నిదానంగా తిన్నాను.

ఆమె ఫోను మోగింది. చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. అవతల కోకిల ఏడుపు నాకూ వినిపించింది.

"మళ్ళా అయిందా నాయనా? యాడ పడుకోనుండావు? కొంచేపు ఓర్చుకోమ్మా, కొంచేపు..."

ఇడ్లీ ముక్క ఆమె వేళ్ళలో, నా నోటికి బెత్తెడు దూరంలో ఆగిపోయింది. కళ్ళనిండా నీళ్ళతో నన్ను చూసింది. చాలు అనమని అడుగుతోందని నాకు అర్థమైంది.

"పెట్టత్తా," అని నోరు తెరిచాను.